లోహమును తొలగించు నూలు

మా కార్యాలయమున ప్రూఫులు దిద్దు మిత్రులొకరు కలరు. మూడవయేట పోలియో సోకి వారి కుడికాలు చచ్చువడినది. తొడ మొదలు మడమవఱకు ఇరుప్రక్కల ఉక్కుపట్టెలు, మోకాటికడ బందు, నడుమ తోలుపట్టీలు, అడుగున బరువైన బూటు: ఈ కాలిపరు లేనిదే వారు నిలువజాలరు. వారు మేడమెట్లెక్కునపుడు ఇనుము రాతికి తగులు చప్పుడు మాకు గడియారపు గంటవంటిది. ఒకనాడు దాని బరువెంతయని మాటవచ్చి, పార్సెళ్లు తూచు త్రాసులో నుంచి చూచితిమి. బూటుతో గూడ మూడుకిలోలకు మించినది. ఆ కాలితో దినమునకు 2,000 అడుగులు వేసినను సాయంకాలమునకు వారు ఆఱు టన్నుల భారమును ఎత్తి దింపినట్లు తేలినది. లెక్క వినిన పిమ్మట వారు చిఱునవ్వు నవ్వి, "కూలి యెవ్వరిచ్చెదరు?" అని మరల ప్రూఫులపై వంగిరి.

ఈ లెక్క వారి కాలికే గాదు, కదలు ప్రతివస్తువునకును వర్తించును. విమానము ముందుగా తన శరీరమును తానే మోయవలయును. మోయుటకు చమురు కావలయును. ఆ చమురును మోయుటకు మఱికొంత చమురు కావలయును. కావుననే విమానములు కట్టువారు యేబదియేండ్లకు పైబడి ఒక్కొక్క లోహభాగమునే ఊడదీసి, ఆ స్థానమున కార్బను పోగుతో బలపఱచిన ప్లాస్టిక్కును పెట్టుచున్నారు. బోయింగువారి 787 విమానపు కట్టడమున బరువునుబట్టి నూటికి 50 వంతులును, ఎయిర్‌బస్సువారి ఏ350లో 53 వంతులును ఇట్టి మిశ్రపదార్థమే. దీనిని గూర్చి పత్రికలలో వచ్చు వార్తలు తఱచుగా "ఉక్కుకంటె గట్టిది, అల్యూమినియముకంటె తేలిక" యను స్తోత్రముతో నారంభమై ఆ స్తోత్రముతోనే ముగియును. స్తోత్రమువలన దేవుని మహిమ తెలియునేమో గాని వస్తువుయొక్క తత్త్వము తెలియదు. అందుచే ఈ వస్తువు ఎట్లు పుట్టుచున్నదో, లోహమును ఎక్కడ తొలగింపగలదో, ఎక్కడ తొలగింపజాలదో, మనకు దీనితో పనియేమో విచారింప దలచితిమి.

కార్బను పోగు తుదకు బొగ్గే. ఎడిసను మహాశయుడు 1879లో నూలుదారమును మాడ్చి, ఆ బొగ్గుదారమును గాజుబుడ్డిలో వెలిగించెను. మఱుసటి సంవత్సరము వెదురునారను మాడ్చి మఱింత దీర్ఘకాలము వెలుగు దీపమును సాధించెను. ఆ దారము వెలుగునేగాని బరువు మోయునది కాదు. 1958లో అమెరికాలో రోజరు బేకను అను శాస్త్రజ్ఞుడు అత్యంత దృఢమైన కార్బను తంతువులను తన ప్రయోగశాలలో కనుగొనెను. ఆ వెనువెంటనే జపానులో అకియో షిండో అనునాతడు అక్రిలికు జాతి పోగును మాడ్చినచో మేలైన తంతువు వచ్చునని చూపెను. ఇంగ్లాండునందలి ఫార్నుబరో పరిశోధకులు మాడ్చునపుడు పోగును బిగలాగి పట్టినచో దాని బలము ఎన్నియోరెట్లు పెరుగునని 1960 దశకమున నిర్ధారించిరి. 1971 నాటికి జపానులోని టోరే సంస్థ దీనిని వర్తకసరకుగా అమ్మజొచ్చెను.

అక్రిలికు అనగానే పాఠకులు భయపడ నక్కఱలేదు. చలికాలమున బజారులో దొరకు కృత్రిమపు ఉన్ని స్వెటరు ఆ కుటుంబములోనిదే. ఆ జాతిలో మిక్కిలి శుద్ధమైన పోగును దీసి, సాగదీసి, మొదట 200, 300 డిగ్రీల వేడిలో గాలి తగులనిచ్చి కరగని దానినిగా చేయుదురు. పిమ్మట గాలి చొఱరాని కొలిమిలో, నత్రజని నడుమ, వేయి డిగ్రీలకు మించిన వేడిమిలో నడిపింతురు. తక్కిన ధాతువులు ఆవిరియై పోవగా కార్బను మిగులును. కొలిమిలోనికి పోయిన బరువులో ఇంచుమించు సగమే వెలుపలికి వచ్చును. దీని ప్రియమునకు ఒక కారణము ఇదియే. మిగిలిన తంతువు మన తలవెండ్రుకలో పదియవ వంతు సన్నము. సామాన్యమైన రకముకూడ బిగువున ఉక్కుకు తీసిపోదు. బరువో, ఉక్కులో నాలుగవవంతైనను లేదు.

అయితే ఈ బిగువు పోగువెంబడి లాగినపుడు మాత్రమే. అడ్డముగా త్రుంచిన చిటుక్కున విఱుగును. ఇచ్చటనే లోహమునకును దీనికిని జాతిభేదము. ఇనుపరేకు ఏదిక్కున లాగినను ఒక్కటే. దీనికి దిక్కు కలదు. బరువు ఏవైపున పడునో ముందెఱిగి ఆవైపునకు పోగులు పఱచినవాడు లాభపడును. అన్నిదిక్కులకు సమముగా పఱచినచో దాని బిగువు తగ్గి, తగ్గి, అల్యూమినియము చెంతకు వచ్చును. అప్పుడు మిగులు లాభము తేలికదనమొక్కటే: అల్యూమినియము నీటికి 2.7 రెట్లు బరువుండగా ఇది 1.6 రెట్లు. కావున లోహపుభాగము యొక్క అచ్చునే తీసికొని, అందులో ఈ ప్లాస్టిక్కును పోసి, "లోహమును తొలగించితిమి" అనుకొనువాడు మోసపోవును. భాగమును మొదటినుండి క్రొత్తగా ఊహింపవలయును.

ఇంతవఱకు చదివిన మన నేతపనివారికి ఈ వృత్తాంతమున క్రొత్తయేమియు తోచకపోవచ్చును. వారికి పడుగు, పేక కొట్టినపిండి. కార్బను తంతువులు 3,000 లేక 12,000 కలిపి ఒక పోగుగా కండెలకు చుట్టి అమ్ముదురు. దానిని మగ్గముపై నేయుదురు. అంతకంటె వింత, దీనికిని గంజి కలదు! చీరాలలో గాని, మంగళగిరిలో గాని వీధిలో పడుగు చాచి, గంజిపట్టించి, కుంచె దీయుట చూచినవారికి దాని ప్రయోజనము తెలియును. గంజిలేని పోగు మగ్గముమీద రేగి తెగును. కార్బను పోగుకుగూడ కర్మాగారమునందే పలుచని పూత యొకటి పట్టింతురు. పోగు రేగకుండ కాపాడుటయేగాక, అది ప్లాస్టిక్కునకు పోగును అంటుకొనునట్లు చేయును. ఈ గంజి సంగతి మఱల వచ్చును గాన పాఠకులు జ్ఞప్తియం దుంచుకొనవలయును.

పోగు ఎంత బలమైనను విడిగానున్న యెడల త్రాడువలె వ్రేలాడును, స్తంభమువలె నిలువదు. నిలుపుటకు బంధకద్రవ్యము కావలయును. బంధకములు రెండుజాతులు. ఒకటి కుమ్మరివాని మట్టివంటిది. పచ్చికుండను ఎట్లైనను నొక్కవచ్చును. ఆవములో కాలిన పిదప అది మఱల మట్టి కాదు, పగిలిన పెంకే. విమానములలో విశేషముగా వాడు ఎపాక్సీ ఈ జాతిది. దీనిని థెర్మోసెట్టు అందురు. రెండవది లక్కవంటిది. కంసాలి నగలో నింపు లక్కయు, ఏటికొప్పాక బొమ్మలమీది లక్కయు వేడికి మెత్తబడును, చల్లారిన గట్టిపడును, మఱల కాచిన మఱల మెత్తబడును. ఈ జాతి ప్లాస్టిక్కులకు థెర్మోప్లాస్టిక్కులని పేరు. మన బకెట్లు, కుర్చీలు చేయు పాలీప్రొపిలీనును, నైలానును ఈ జాతివే. 1978లో ఇంగ్లాండులోని ఐ.సి.ఐ. సంస్థవారు సాధించిన పీక్ అనునది ఈ జాతిలో రాజవంశపుది. అది 343 డిగ్రీల వేడికిగాని కరగదు.

మొదట విమానముల వారు కుండజాతినే వరించిరి. కారణము సులభము. ఎపాక్సీ కాలకముందు నూనెవలె పలుచగా నుండును గాన వేలతంతువుల సందులలోనికి ఇట్టే ప్రాకును. కరగిన పీక్ తేనెపాకముకంటె చిక్కగా నుండి, గట్టిగా అదిమినగాని పోగులలోనికి దిగదు. కాని కుండజాతికి పెళుసుదనము పుట్టుగుణము. ఆ పెళుసుదనము ఒక మహాసంస్థను ఎట్లు చిక్కులపాలు చేసెనో చెప్పక ముందునకు సాగజాలము.

రోల్సురాయిసువారు 1960 దశకాంతమున ఆర్‌బి211 అను క్రొత్త విమానయంత్రమును నిర్మింప బూని, దాని ముందువైపు పెద్ద పంకా ఱెక్కలను లోహముతోగాక కార్బను పోగు మిశ్రముతో చేయుదుమని ఒప్పుకొనిరి. ఒక్కొక్క యంత్రమున ఎంతయో బరువు తగ్గునని ఆశ. ఱెక్కలు తిరుగుటలో బాగుగనే తిరిగెను. కాని ఆకాశమున విమానమొక్కటియే ఎగురదు, పక్షులును ఎగురును. కావున తిరుగుచున్న యంత్రములోనికి చచ్చిన కోడిని విసరి పరీక్షించుట ఆచారము. 1970లో ఆ పరీక్షయందు ఱెక్కలు తట్టుకొనజాలక పోయెను. మఱల టైటానియము లోహమునకు పోవలసి వచ్చెను. ధనవ్యయమును, కాలహరణమును, ఒడంబడికలోని తప్పులును అన్నియు గలసి, 1971 ఫిబ్రవరి 4వ తేదీన ఆ కంపెనీ దివాలా ఎత్తెను. బ్రిటిషు ప్రభుత్వమే దానిని చేపట్టి నిలుపవలసి వచ్చెను. దోషమంతయు ఱెక్కలదే యనుట అన్యాయము. అయినను బిగువు వేఱు, తాళుకొను గుణము వేఱు అను పాఠమును ఇంతవెలకు కొన్నవారు అరుదు. ఇరువదియైదేండ్ల పిమ్మట, 1995లో, జనరల్ ఎలక్ట్రికువారి జిఇ90 యంత్రమున కార్బను ఱెక్కలు జయప్రదముగా పనిచేయ నారంభించెను. వాని అంచున మాత్రము టైటానియపు తొడుగు తొడిగిరి. పక్షి వచ్చి తగులుచోట లోహము, తక్కినచోట పోగు! లోహమును గెంటివేయుటలో గాక, ఎక్కడ ఉంచవలయునో తెలియుటలోనే నేర్పున్నదని మాకు ఈ తొడుగువలన బోధపడినది.

లక్కజాతిమీద నేడు ఇంత మక్కువ పుట్టుటకు మొదటి హేతువు ఈ తాళిమియే. పీక్ వంటిది దెబ్బకు పగులక ఓర్చుకొనును. రెండవహేతువు కాలము. ఎపాక్సీ భాగమును ఆటోక్లేవు అను పెద్ద ఆవిరిపాత్రవంటి దానిలో గంటలకొలది ఉడికింపవలయును. థెర్మోప్లాస్టిక్కు పలకనైతే వేడిచేసి, అచ్చులో పెట్టి నొక్కిన కొలదినిమిషములలో భాగము సిద్ధము. గిన్నెలు కొట్టు కార్ఖానాలో రేకునొక్కు పనికిని దీనికిని చూపులకు భేదము తక్కువ. మూడవది మన దేశమున ప్రత్యేకముగా లెక్కింపదగినది. ఎపాక్సీ పట్టించిన పోగుబట్టను అచ్చులో పెట్టువఱకు సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో దాచవలయును. మే నెలలో విద్యుచ్ఛక్తి రెండుగంటలు పోయినచో ఆ సరకు గతియేమో మన చిన్నకార్ఖానాల వారిని అడుగుడు. థెర్మోప్లాస్టిక్కు బట్ట సామాన్యమైన బీరువాలో ఏండ్లతరబడి చెడక యుండును.

అన్నిటికంటె మాకు మక్కువైన గుణము అతుకు. లోహపురేకులను కలుపునట్లే కార్బను భాగములను గూడ ఇన్నాళ్లు రంధ్రములు తొలిచి, మేకులు దిగవేసి కలుపుచుండిరి. పోగులో తొలిచిన ప్రతిరంధ్రము కొన్నివేల తంతువులను త్రెంచును. నేసినబట్టను చిల్లులుచేసి గుండీలు పెట్టినట్లు! లక్కజాతి భాగములను అంచులకడ కాచి, ఒకదానితో నొకటి నొక్కిన ఏకమగును. గల్ఫ్‌స్ట్రీము జి650 అను చిన్నవిమానపు తోకభాగములను డచ్చివారు ఈ విధముగనే, విద్యుత్ప్రేరణచే వేడిపుట్టించి, అతికిరి. ఏ350 విమానపు గర్భమున పక్కటెముకలను చర్మమునకు కలుపు చిన్న చిన్న కొక్కెములు వేలకొలది ఈ పదార్థముతోనే నొక్కి చేయబడినవి. ఇటీవల ఐరోపావారు మఱియొక అడుగు వేసిరి. సుమారు ఎనిమిదిమీటర్ల పొడవుగల విమానగర్భమును పైసగము, క్రిందిసగముగా థెర్మోప్లాస్టిక్కుతో వేర్వేఱుచోట్ల నిర్మించి, జర్మనీలోని స్టాడే పట్టణమున రెండుసగములను అతికి చూపిరి. అది ఎగురు విమానము కాదు, సాధ్యమని చూపుటకైన నమూనా. ఏటికొప్పాక కళాకారుడు తిరుగుచున్న కొయ్యపై లక్కకడ్డీని ఒరయగా ఆ ఒరపిడివేడికే లక్క కరగి అంటుకొనును. ప్లాస్టిక్కులను ఒరపిడిచే అతుకు యంత్రములును ఆ ధర్మముమీదనే నడచుచున్నవి.

ఇంతచెప్పి దోషములను దాచుట పత్రికాధర్మము కాదు. పీక్ మిక్కిలి ప్రియము. దానిని నొక్కు అచ్చులు 400 డిగ్రీల చెంతకు వేడెక్కవలయును. అంత వేడిమిలో ముందు చెప్పిన గంజి మాడిపోవును. ఎపాక్సీకై కుదిరిన గంజి పీక్‌కు పనికిరాదు. దీనికి వేఱుగంజిని వెదకుట ఒక ప్రత్యేకశాస్త్రమే యైనది. నైలాను చవుక, కాని గాలిలోని తేమను త్రాగి మెత్తబడును. కార్బను అల్యూమినియమును తాకి, నడుమ ఉప్పుతేమ చేరినచో అల్యూమినియము తినివేయబడును. విశాఖ సముద్రతీరమున పెట్టు యంత్రములందు ఈ సంగతి మఱచినవాడు రెండేండ్లలో జ్ఞప్తికి తెచ్చుకొనును. ఇందులకే రెంటినడుమ గాజుపోగుపొర వేయుట, లేదా అల్యూమినియమునకు బదులు టైటానియమును వాడుట. మఱియొకటి: ఇనుము దెబ్బతగిలిన సొట్టబడి చెప్పుకొనును. ఇది పైకి నునుపుగానే యుండి లోపల పొరలు విడివడును. వైద్యుడు ఱొమ్ముతట్టి చూచునట్లు దీనిని తట్టి విని, లేక శబ్దతరంగములు పంపి పరీక్షింపవలయును.

మఱల కరగించి వాడవచ్చునను మాటయు సగమే సత్యము. కరగించుట నిజమే గాని, నలుగగొట్టిన ప్రతిమాఱు పోగు పొట్టిదగును. విమానపు ఱెక్క కుర్చీకాలగును గాని, కుర్చీకాలు మఱల ఱెక్క కాదు. అల్యూమినియమునైతే క్రొత్తగా తీయుటకు పట్టు విద్యుత్తులో నూటికి ఐదువంతులతోనే మఱల కరగించి క్రొత్తదానివలె వాడవచ్చును. కావున కదలని వస్తువునకు, వాకిటి గేటుకు, నీళ్లతొట్టికి, వంతెన కమ్మికి, వార్తలలో చదివినంతమాత్రమున కార్బనును కోరువాడు డాంబికుడేగాని మితవ్యయపరుడు కాడు. బరువెక్కి దిగుచుండు చోటనే దీని సార్థక్యము.

ఇక మన సంగతి. మనవారికి నేత రాదనుట అబద్ధము. తేజస్సు యుద్ధవిమానము 2001 జనవరి 4వ తేదీన తొలిసారి ఎగిరినపుడే దాని కట్టడమున పెద్దభాగము కార్బను మిశ్రము. నేడు ఆ విమానపు బరువులో నూటికి 45 వంతులు మిశ్రపదార్థములేయని లెక్క. ఱెక్కలు, తోక మనదేశముననే అచ్చులలో వేసి ఉడికించిరి. హైదరాబాదు కంచనబాగులోని క్షిపణి ప్రయోగశాలలు అగ్నిక్షిపణి ముక్కుకొనకై కార్బనులో కార్బనును పొదిగిన, వాతావరణపు ఒరపిడిమంటను ఓర్చు వస్తువును సాధించెను. 1989 మే 22వ తేదీన ఆ క్షిపణి ఎగిరినది. అంతకు రెండేండ్లుముందే, 1987లో, పాశ్చాత్యరాజ్యములు క్షిపణిసామగ్రిని పరులకు చేరనీయకుండ కట్టుబాటు చేసికొని, కార్బను పోగును, దానిని పఱచు యంత్రములను ఆ పట్టికలో చేర్చిరి. మన భారతదేశము 2016లో ఆ కట్టుబాటులో తానును సభ్యురాలయ్యెను. సభ్యత్వము వచ్చినంతమాత్రమున పోగు రాదు. మేలిరకపు పోగు ఏదేశమునుండి కదలవలయునన్నను ఆ దేశపు సర్కారు సెలవుచీటీ కావలయును.

అనగా మనది నేత, పరులది నూలు. ఈ వాక్యము వ్రాయుచుండగా మాకు ఒళ్లు జలదరించినది. ఏలయన, మన పితామహుల కాలమున మన మగ్గములు మాంచెస్టరు మిల్లునూలుమీద బ్రతుకుచుండెను. నూలు కండె అక్కడ ఆగిన ఇక్కడ మగ్గము ఆగుచుండెను. నేతగాడు ఎంతటి పనివాడైనను వడుకువాని చేతిలో కీలుబొమ్మ. పొందూరులో చేపదవడతో దూది ఏకి, చేతితో నూలు వడికి, ఆ నూలునే నేయుటలోని గౌరవము ఇదియే గదా! కార్బను విషయమున బెంగుళూరునందలి జాతీయ వైమానిక ప్రయోగశాలవారు పోగువడుకు విద్యను స్వయముగా సాధించిరి. ఆ పద్ధతిపై 2010లో గుజరాతున ఒక కర్మాగారమును తెఱచిరి. దానిని నడపిన సంస్థ కొలది సంవత్సరములలోనే అప్పులలో మునిగినది. విద్య యున్నను, విద్యను పోషించు బజారు లేనిచో వచ్చు గతి ఇది. నేటికిని మన కార్ఖానాలు వాడు పోగులో పెద్దపాలు విదేశీయము. విమానములకును క్షిపణులకును మాత్రమే పోగు కావలెనన్నంతకాలము కర్మాగారమునకు కడుపునిండదు. గాలిమరల ఱెక్కలు, వంటగ్యాసు సిలిండర్లు, బస్సులలోని హైడ్రోజను తొట్లు, ఆసుపత్రుల వస్తువులు గూడ కోరిననాడు నిండును.

ఆసుపత్రి యనగా మఱల కాలిపరు జ్ఞప్తికి వచ్చినది. ఇది హైదరాబాదు వృత్తాంతమే. అబ్దుల్ కలాముగారు స్వయముగా పలుసభలలో చెప్పియుండిరి. నిమ్సు ఆసుపత్రినుండి ఎముకల శస్త్రవైద్యుడొకరు క్షిపణి ప్రయోగశాలకు వచ్చి, అచ్చటి తేలికపదార్థమును చేతితో ఎత్తిచూచి ఆశ్చర్యపడి, కలాముగారిని తన ఆసుపత్రికి తోడ్కొనిపోయి పిల్లలను చూపిరి. మూడుకిలోలకు పైబడిన లోహపు కాలిపర్లతో వారు కాళ్లీడ్చుచుండిరి. మూడువారములలో ప్రయోగశాలవారు 300 గ్రాముల కాలిపర్లను చేసి తెచ్చిరి. బిడ్డలు పరుగెత్త జొచ్చిరి, తల్లిదండ్రుల కన్నులు చెమ్మగిలెను అని కలాముగారు చెప్పుచుండిరి. అగ్నిక్షిపణి విజయముకంటె ఇది తమకు ఎక్కువ తృప్తినిచ్చెననియు చెప్పిరి. మాకు ఆ మాట అతిశయోక్తిగా తోచదు.

ఆ పరంపర తెగిపోలేదనుటకు నిదర్శనముగా 2025 జూలై 14వ తేదీన, వరంగల్లు త్రోవలోని బీబీనగరు ఎయిమ్సున, ఆ వైద్యసంస్థయు డి.ఆర్.డి.ఎల్. ప్రయోగశాలయు కలసి రూపొందించిన కార్బను పోగు కృత్రిమపాదమును ఆవిష్కరించిరి. 125 కిలోల బరువువఱకు పరీక్షింపబడినది. మనుష్యుల బరువును బట్టి మూడురకములు. దిగుమతియగు అట్టిపాదము వెల సుమారు రెండులక్షల రూపాయలు కాగా, ఇది 20,000 రూపాయల లోపల తయారగునని ప్రకటించిరి. పదియవ వంతు! ఈ వెల నిలుచునా అనునది ఎన్ని వేల పాదములు తయారగునో దానిమీద నాధారపడును. ఆ కొనుగోలును ప్రభుత్వములు ముందుగా వాగ్దానము చేయవలయునని మా అభిప్రాయము. పోగుకర్మాగారమునకు బజారు వెదకుచున్నవారికి ఇంతకంటె పుణ్యమైన బజారు దొరకునా?

ఈ వార్త వచ్చిననాడు మేము ఉబ్బి, ప్రూఫు బల్లకడకు పోయి మా మిత్రులకు చదివి వినిపించితిమి. వారు సావధానముగా విని, "అయ్యా, ఇది కాలు లేనివారికి. నాకు కాలున్నది, కాని లేవదు" అనిరి. అది నిజమే. 2014 మార్చి 27వ తేదీన భారతదేశము పోలియోరహితమని ప్రకటింపబడినది. క్రొత్తగా ఆ జబ్బుతో పిల్లలు కుంటుట మిక్కిలి అరుదు. కాని పాతవారు ముసలివారగుచున్నారు. వయస్సు పైబడినకొలది మంచికాలు సైతము అలయును, ఇనుపబరువు దుర్భరమగును. ఆ తరమును లెక్కలోనుండి కొట్టివేయరాదు.

పిమ్మట వారు మఱియొక సంగతి చెప్పిరి. కొన్నియేండ్లక్రిందట ఎవ్వరో దయామయులు పట్టణమునుండి తేలికకాలిపరు నొకదానిని తెప్పించి వారికిచ్చిరట. ఏడాది తొడిగిరి. "కాలే లేనట్లుండెను" అని వారి మాట. ఒకనాడు మోకాటికడ బీటవారినది. ఊరిలో కమ్మరి చూచి, ఇది తనవలన కాదనెను. చెప్పులుకుట్టు వృద్ధుడు చూచి, సూది దిగదనెను. ఇచ్చిన సంస్థకు వ్రాయగా పట్టణమునకు రమ్మనిరి. పోయినచో దీనిని బాగుచేయరాదు, క్రొత్తది కొనుమనిరి. తిరిగివచ్చి అటకమీది ఉక్కుకాలిపరును దింపుకొనిరి. "దీని మేకు ఊడిన కమ్మరి పదినిమిషములలో బిగించును, పట్టీ తెగిన వృద్ధుడు కుట్టును. బరువు నాది, భరోసా కూడ నాది" అనిరి.

ఇనుము ఇన్నాళ్లు తన పీఠమును నిలుపుకొనుటకు బలమొక్కటియే హేతువు కాదని మాకు ఆనాడు స్ఫురించినది. ఊరూర దానిని బాగుచేయు చేయి కలదు. ఇచ్చటనే లక్కజాతికిని కుండజాతికిని గల భేదము విమానములవారికంటె మాకు ముఖ్యమై కనిపించుచున్నది. వారి తేలికకాలిపరు కుండజాతిదైయుండవలయును. పగిలిన కుండను కుమ్మరి సైతము మఱల అతుకడు. థెర్మోప్లాస్టిక్కుదైనచో బీటవారినచోట కాచి, పైన పోగుపొర యొకటి వేసి, నొక్కి అతుకవచ్చును. తెగినపోగు వేడివలన మఱల కలియదు, బంధకము మాత్రమే కలియును. అందులకే పైపొర కావలయును. మనుష్యుని కాలికి 343 డిగ్రీల పీక్‌తో పనిలేదు. పాలీప్రొపిలీను 165 డిగ్రీల ప్రాంతముననే కరగును, నైలాను 220కి. మన ఆసుపత్రులలో కాలిపట్టీలు చేయువారు పాలీప్రొపిలీను పలకను పొయ్యిలో మెత్తపఱచి, కాలి ప్లాస్టరు అచ్చుమీద కప్పి ఆకృతి దిద్దుట ఇప్పటికే వాడుకలో నున్న పని. ఆ పలకలో కార్బను పోగును పొదిగినచో పని కొంత కష్టమగును గాని వేఱుపని కాదు. పారిశ్రామిక శిక్షణాలయములలో వెల్డింగు నేర్పుచున్నాము. దానితోపాటు ఈ ప్లాస్టిక్కు అతుకును, తట్టి వినుటను జిల్లాకు పదిమందికి నేర్పుట అసాధ్యమా? శిక్షణకు కావలసినవి వేడిగాలి తుపాకి, ఒక అచ్చు, కొన్ని పలకలు, ఓర్పుగల ఉపాధ్యాయుడు. ఇందులో దేనికిని విదేశపు సెలవుచీటీ అక్కఱలేదు, ఆ పలకలోని నూలునకు తప్ప.

మొన్నటి సోమవారము మా మిత్రులు ఆలస్యముగా వచ్చిరి. దారిలో మోకాటిమేకు వదులైనదట. కమ్మరికొట్టు తెఱచువఱకు అరుగుమీద కూర్చుండి, మేకు బిగింపించుకొని, పదిరూపాయలిచ్చి వచ్చితిమనిరి. ఈ వ్యాసపు ప్రూఫులనుగూడ వారే దిద్దిరి. "ఆఱు టన్నులు" అనుచోట అంచున ఒక చిన్నగీత గీచి, మేడమెట్లను లెక్కలో చేర్చలేదని వ్రాసిరి.